కొటేషన్ల మధ్య అత్తగారు

నేను కెర్నల్‌లో పనిచేస్తానని చెప్పగానే మా ఆవిడ హైమ మేనమామ "ఏ రెజిమెంటు?" అని అడిగాడు.

మిలిటరీ కర్నల్ కాదండీ, కంప్యూటర్ గుండెకాయలో కూర్చునే ప్రోగ్రాం అన్నాను. "కూర్చుని ఏం చేస్తుంది?" అన్నాడు. అందరికీ పనులు పురమాయిస్తుంది, మాట విననివాణ్ణి బయటికి గెంటేస్తుంది అన్నాను. "అయితే కర్నలే," అని తేల్చేసి ఆయన పకోడీల ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు.

గొర్తి ఫణీంద్ర అనే నేను పదకొండేళ్ళుగా ఆ కర్నలు కింద సిపాయిని. రుషికొండ దాటాక సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న ఒక ప్రయోగశాలలో మేం చెవిని తయారుచేస్తున్నాం. పుట్టుచెవి చెడినవాళ్ళకి పెట్టుడు చెవి. పాత యంత్రాల్లాగా గరగరమనేది కాదు, ఎవరి గొంతు ఎవరిదో పోల్చుకోగలిగేది. పుర్రెలో చిక్కుడు గింజంత డబ్బా, దాన్నుంచి వినికిడి నరానికి నూట ఇరవై తీగలు. వచ్చిన శబ్దాన్ని ఏ తీగ మీద ఎంత బలంగా పంపాలో చెప్పేది ఆ గింజలో ఉండే బుల్లి కెర్నల్. అంతకు మించిన విశేషం ఇంకొకటుంది. లోపల ఏ తేడా వచ్చినా ఆ చెవి తన బాధ తనే చెప్పుకుంటుంది.

చెప్పుకోవాలంటే మాటలు కావాలి కదా. కెర్నల్లో లెక్కల మధ్య అక్కడక్కడా మాటలుంటాయి, కొటేషన్లలో. వీటిని స్ట్రింగులంటారు. దండలో పువ్వుల్లా అక్షరాలు వరసగా కూర్చుంటాయి, చివర ముడి వేసినట్టు ఒక సున్నా. ఆ సున్నా తగిలితేగాని మాట అయిపోయిందని యంత్రానికి తెలియదు, అంతవరకు చదువుకుంటూ పోతూనే ఉంటుంది. మా అత్తగారికి ఆ సున్నా పెట్టడం బ్రహ్మ మరిచిపోయాడని నేను లేబ్‌లో అంటూండేవాణ్ణి. లేబ్‌లో కనక నవ్వేవారు. ఇంట్లో అనలేదు కనక బతికున్నాను.

మా లేబ్‌లో ఒక ఆచారముంది. లెక్కలో చుక్క మార్చినా ఇద్దరు చదివి సంతకం పెట్టాలి. కొటేషన్ల మధ్య కథ మొత్తం మార్చినా ఎవరూ చూడరు. యంత్రం దాన్ని అర్థం చేసుకోదు, పోస్టుమాన్ ఉత్తరాన్ని మోసినట్టు మోస్తుందంతే. ఉత్తరంలో ఏముందో పోస్టుమానుకెందుకు? ఆ కోట్స్ నాకు కంచుకోటలు. పదకొండేళ్ళలో నలభై ఒక్క స్ట్రింగులు రాశాను. బ్యాటరీ తగ్గితే "కాఫీ పడితేగాని కదలను". అరువిచ్చిన మెమరీ ఏ ప్రోగ్రామైనా తిరిగివ్వకపోతే "మా బావమరిది గొడుగు పట్టుకెళ్ళాడు". శబ్దం మితిమీరి లోపలికి తోసుకొస్తే, "అత్తగారొచ్చారు, తలుపులేసుకోండి".

బల్ల మీద యంత్రం, ఎదురుగా తెర. తెర మీద ఆ మాటలు చదివి నవ్వుకునేది నేనూ, నా సహోద్యోగి దాలినాయుడూ. అత్తగారు చదవరు కదా.

చదవలేదు. విన్నారు.

* * *

మా అత్తగారి పేరు పేరిందేవి. విజయనగరం స్టేషన్లో ఇరవై ఎనిమిదేళ్ళు మైకు ముందు కూర్చుని రైళ్ళ రాకపోకలు చెప్పిన మనిషి. ఆవిడ గొంతు విని ఆలస్యంగా వచ్చే రైళ్ళు కూడా తల దించుకుని వచ్చేవట. ఆరేళ్ళ క్రితం ఒక పాడు జ్వరం వచ్చి రెండు చెవులూ పట్టుకెళ్ళిపోయింది. కుడి నరం పూర్తిగా చచ్చింది. ఎడమదానిలో కాస్త ఊపిరి ఉంది. అప్పట్నుంచీ ఆవిడ నోటితో మాట్లాడతారు, మేం పలక మీద రాసి చూపిస్తాం.

మా చెవికి మొదటి మనిషి కావాలని లేబ్ కమిటీ అన్నప్పుడు, హైమ భయపడుతూ ఆ సంగతి పలక మీద రాసింది. అత్తగారు సుద్దముక్క లాక్కుని కింద ఇంకో వాక్యం రాశారు: "ఖాళీగా ఉన్న ఇల్లే కదా, అద్దెకిస్తాను."

ఆపరేషన్ చేసే డాక్టర్ మెహరున్నీసా మా అందరికీ ఒకటే మాట చెప్పింది. "నరానికి తీగలు ఒక్కసారే అతకగలం. ముప్ఫై రోజుల పరీక్షలో అది గనక కాలిపోతే ఆవిడకి ఈ జన్మలో ఇంకో చెవి లేదు. జాగ్రత్త."

అతకడం అయిపోయింది. స్విచ్ వేసే రోజు పొద్దున దాలినాయుడు హుషారుగా వచ్చాడు.

"గురూగారూ, సెవికి తెర నేదు గదండి! లోపల తేడా వస్తే ఎక్కడ సూపిస్తాం? అందుకే కెర్నల్ మాటలన్నీ పేషెంటుకే వినిపించీలాగ పెట్టీసినాను. కమిటీవోళ్ళు శభాష్ అన్నారు."

"ఏ మాటలు?"

"మీరు రాసినవేనండి. కోటేసన్లలోవి."

చెవిలో ఇల్లు కట్టుకుని పోరడం అని మనవాళ్ళు ఊరికే అంటారు. నేను నిజంగా కట్టేశాను. అత్తగారి చెవిలోనే, అత్తగారి మీద, నలభై ఒక్క గదులు! పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి స్విచ్ వేసేశారు.

"అమ్మా," అంటోంది హైమ.

పిలుపు వచ్చిన వైపు పేరిందేవిగారు తల తిప్పారు. తర్వాత కూతురి గడ్డం పట్టుకుని, "నీకు జలుబెప్పుడు చేసిందే?" అన్నారు. హైమ బావురుమంది. ఆ జలుబు మాకెవరికీ తెలియదు. పక్కనున్న నర్సు కళ్ళు తుడుచుకోబోయి చేతిలోని స్టీలు ట్రే వదిలేసింది. కత్తులూ కత్తెరలూ గచ్చు మీద పడి నాట్యమాడాయి.

అత్తగారు ఉలిక్కిపడి, పక్కవాళ్ళెవరో ఏదో చెబుతున్నట్టు తల వంచి విన్నారు. నెమ్మదిగా నా వైపు చూశారు.

"ఏమైనా వినిపించిందా అమ్మా లోపల?" అంది డాక్టర్.

"ఏదో అంది. సరిగా వినపడలేదు," అన్నారు అత్తగారు.

జలుబు వినపడినావిడకి అది వినపడలేదంటే నేను నమ్మాను చూడండి. నా చెవిలో పువ్వు పెట్టడానికి ఆవిడకి ఏ ఆపరేషనూ అక్కర్లేకపోయింది.

* * *

ఇంటికొచ్చాక ఇంట్లో చప్పుళ్ళు ఎక్కువయ్యాయి. అత్తగారు స్టీలు గ్లాసుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టరు, వేస్తారు. కుక్కరు కూత పెట్టే వేళకి దాని మూతికి చెవి పెట్టినంత దగ్గరగా నిలబడతారు. కూత రాగానే తల వంచి వింటారు. పెదవి చివర ఒక నవ్వు మొలిచి మాయమవుతుంది.

"అత్తయ్యగారూ, ఆ కుక్కరు పక్కన ఎందుకండీ?"

"పప్పు ఎంతవరకు వచ్చిందో వింటున్నాను అల్లుడుగారూ."

"లోపల మాటలేమైనా..."

"మాటలా? ఏం మాటలు? మీరేమైనా పెట్టారా?"

"అబ్బే!"

"మరింకేం," అని ఆవిడ ఇంకో గ్లాసు వేశారు.

ఇలా పదిహేను రోజులు. గ్లాసు మోగితే నాకు చెమట. పదహారో రోజున దాలినాయుడు మేనకోడలికి చెవులు కుట్టిస్తున్నారని పార్వతీపురం వెళ్ళాడు. నేను ఒంటరిగా కూర్చుని నలభై ఒక్క స్ట్రింగులకీ మర్యాద నేర్పాను. "కాఫీ పడితేగాని కదలను" పోయి "విద్యుత్తు స్వల్పముగా ఉన్నది" వచ్చింది. అత్తగారున్న చోట "శబ్ద తీవ్రత పరిమితిని మించినది. దయచేసి సహకరించగలరు" వచ్చింది. అన్నీ కొటేషన్ల లోపలి మార్పులే కనక ఎవరి సంతకమూ అక్కర్లేదు. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తున్నప్పుడు, దిండు కింద చార్జింగు బిళ్ళ మీదుగా కొత్త కెర్నల్ని పంపించేశాను. పాత అతుకు పీకి కొత్త అతుకు వేశాను. బతుకు నిలబెట్టుకున్నాననుకున్నాను.

సాయంత్రం గ్లాసు మోగింది. అత్తగారు తల వంచారు. నవ్వు మొలవలేదు. ఇంకో గ్లాసు మోగింది. వేలితో చెవి వెనక తట్టి చూసుకున్నారు.

"అల్లుడుగారూ, దీనికి ఒంట్లో బావులేదా?"

"ఏం, ఏమైందండీ?"

"ఏం లేదు," అన్నారు దిగులుగా. "మర్యాదగా ఉంటోంది."

* * *

పంతొమ్మిదో రోజు విజయనగరంలో మా హైమ పినతల్లి కూతురి పెళ్ళి. అత్తగారు మండపానికి ఎదురుగా మొదటి వరసలో, సన్నాయి మేళానికి రెండు గజాల దూరంలో కుర్చీ వేయించుకున్నారు. మేళం వాళ్ళకి ఈ మధ్య మైకులు కూడా వచ్చాయి. డోలు ఒక్క దెబ్బ కొడితే బఫేలో సాంబారు వలయాలు తిరిగింది.

అప్పుడే దాలినాయుడు ఫోన్ చేశాడు. నేను హాలు బయటికి పరుగెత్తి ఎత్తాను.

"గురూగారూ, ఇయ్యాలే డ్యూటీకొచ్చినాను. అమ్మగారి సెవి లెక్కలు సూస్తన్నాను. మూడ్రోజుల్నించి గేటు ఒక్కపాలి పడనేదండి! మీరేటైనా మార్చీసినారేటి?"

గేటంటే శబ్దం మితిమీరినప్పుడు నరానికి అడ్డంగా పడే తలుపు. అది దాలినాయుడు రాసిన ప్రోగ్రాం.

"నేనేం మార్చలేదు! కొటేషన్లలో మాటలు మార్చానంతే."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"అత్తగారొచ్చారు అన్నది తీసీసినారా?"

"తీసేశాను. ఏం?"

"సచ్చేం బాబూ! నా గేటు పట్టుకున్నది ఆ మాటేనండి! కెర్నల్ అరిచీ మాటల్లో 'అత్తగారొచ్చారు' కనపడితే మూసీమని రాసినాను."

"మాటని నమ్ముకుని ఎవడైనా తలుపు కడతాడటయ్యా? ఒక్కో కబురుకి మారని నంబరు ఒకటి పెట్టుకోవచ్చు కదా!"

"నంబరివ్వండని మిమ్మల్ని ఏడాదిగా అడుగుతున్నాను. రేపు ఇస్తాను, మాపు ఇస్తాను అన్నారు. మీరేమో పదకొండేళ్ళుగా ఆ మాట మార్చనేదు. మీ నంబరు కన్నా మీ అత్తగారే గేరంటీ అనుకున్నాను!"

పోస్టుమాన్ ఉత్తరం చదవడనుకున్నాను. పక్కింటివాడు చదివి దాని మీద ఇల్లే కట్టుకున్నాడు.

"ఇప్పుడేమవుతుంది?"

"కుక్కరు కూత అయితే సణంలో ఆగిపోద్ది, పర్లేదు. మేళమయితే లోపల మోత నిలిచిపోద్దండి. ఆ తర్వాత బయటికి తీసుకుపోయినా ఆగదు. గేటు పడాల్సిందే. నేపోతే పావుగంటలో నరం కాలిపోద్ది. ఆపీసే అయస్కాంతం నా ముందే ఉంది, ఏటి నాభం? గంటన్నర దూరం!"

హాల్లోకి పరుగెత్తాను. అత్తగారు రెండు చేతులతో ఎడమ చెవి పట్టుకుని వంగిపోయి ఉన్నారు. హైమ ఆవిడ భుజాలు పట్టుకుని "అమ్మా, అమ్మా" అంటోంది. ఆవిడకి వినపడటం లేదు. నేను మేళం దగ్గరికి వెళ్ళి దండం పెట్టి ఆపించాను. నిశ్శబ్దం మాకొచ్చింది గాని ఆవిడకి రాలేదు.

"ఇంకా మోగుతోంది," అన్నారు పళ్ళు బిగించి. "ఆపండర్రా."

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. "దాలినాయుడూ, ఆ మాట కెర్నల్ నోట్లో ఎలాగైనా పెట్టాలి. బయటి మాటలు కెర్నల్లోకి ఎలా వెళ్తాయి?"

"ఏ ఫోనైనా సెవికి కలిపితే దాని పేరు సదువుద్ది గదండి! మీ ఫోను పేరు మార్చీసి కలపండి!"

నా ఫోనుకి "అత్తగారొచ్చారు" అని నామకరణం చేసి చెవికి కలిపాను. అవతల అతను తెర మీద చూస్తున్నాడు.

"అత్తగారొచ్," అన్నాడు.

"ఏమిటీ?"

"అక్కడికే తెగిపోనాది. పేరుకి ముప్పైరెండు గళ్ళే ఇచ్చినారు మీరు. సివరిది సున్నాకి పోతే ముప్పైఒకటి. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడేసి గళ్ళు. పదిటికే నిండిపోనాది."

అత్తగారు గుమ్మంలో ఇరుక్కున్నారు, సగం లోపల, సగం బయట. బఫేలో జనం నిండినా ఇంకొకరికి చోటు దొరుకుతుంది గాని ఆ గళ్ళ వరస, బఫర్, నిండితే అంతే. ఆ ముప్ఫైరెండు రాసింది కూడా నేనే. ఇంగ్లీషు పేర్లకి సరిపోతుంది కదా అని.

"ఇంకో దారి సెప్పండి. నాలుగు నిమిసాలైపోనాది."

"యజమాని పేరు!" అని అరిచాను. చెవి ఎవరిదో ఆ మనిషి పేరు దాచుకోవడానికి పెద్ద గది ఇచ్చాను, నూట ఇరవై ఎనిమిది గళ్ళు. మార్చినప్పుడల్లా కెర్నల్ దాన్ని గట్టిగా చదువుతుంది. కాని మార్చగలిగేది ఆ మనిషి గొంతొక్కటే. "నా పేరు" అని మొదలుపెట్టి ఆవిడే చెప్పాలి.

అంటే ఆ మాట నేనే ఆవిడకి చూపించాలి.

పెళ్ళికూతురి చెల్లెలి చేతిలోంచి కాటుక పెన్సిలు లాక్కున్నాను. శుభలేఖ వెనక పెద్ద అక్షరాలతో రాసి ఆవిడ ముందు పెట్టాను: "గట్టిగా అనండి. నా పేరు అత్తగారొచ్చారు."

ఆవిడ చదివారు. నొప్పితో ముడుచుకున్న మొహం ఒక్కసారి విప్పుకుంది. తల ఎత్తి నన్ను చూశారు.

"దీన్ని తీసేసింది మీరా?"

నేను శుభలేఖని వేలితో పొడిచాను. అనండి, అనండి!

"అంటాను. ముందు ఎందుకు తీశారో చెప్పండి."

"గురూగారూ, ఆరు నిమిసాలు," అన్నాడు ఫోన్లో దాలినాయుడు.

శుభలేఖ మీద వధూవరుల పేర్ల మధ్య మిగిలిన కాస్త చోటులో రాశాను: "సిగ్గేసింది."

"సిగ్గు రాసేటప్పుడు వెయ్యాలి, తీసేటప్పుడు కాదు," అన్నారు అత్తగారు. తర్వాత లేచి నిలబడ్డారు. కొంగు సర్దుకుని, ఒక్కసారి గొంతు సవరించుకుని, ఇరవై ఎనిమిదేళ్ళు ప్లాట్‌ఫారాలన్నీ వణికించిన స్వరంతో, ఒక్కొక్క అక్షరం విడివిడిగా ప్రకటించారు:

"నా పేరు, అత్తగారొచ్చారు!"

సరిగ్గా ఆ సమయానికి మగపెళ్ళివారి తాలూకు పెద్దావిడ, వరుడి తల్లి, హాలు గుమ్మంలో కాలు పెట్టింది. పెట్టిన కాలు అక్కడే ఆగిపోయింది. మూడు వందల మంది లేచి నిలబడ్డారు. ఎవరో పన్నీరు చల్లేశారు. మేళం వాళ్ళు ఇదేదో సైగ అనుకుని డోలెత్తబోతే హైమ డోలు మీద పడుకుంది.

"పడ్డాదండి!" దాలినాయుడు ఫోన్లో ఏడుస్తున్నాడు. "గేటు పడ్డాదండి!"

అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. చెవి మీంచి చేతులు తీసి, చుట్టూ చూసి, మెల్లగా అన్నారు. "హమ్మయ్య. ఎవరో తలుపేశారు."

* * *

నరం నిలిచింది. పూర్తిగా కాదు. నూట ఇరవైలో ముప్ఫైనాలుగు తీగలకి జవాబు లేదని డాక్టర్ మెహరున్నీసా చెప్పింది. అన్నీ పై స్థాయివి. ఇక ఆవిడకి సన్నాయి తారస్థాయి వినపడదు. పిచ్చికలు వినపడవు. కుక్కరు ఎదురుగా నిలబడితే ఆవిరి కనిపిస్తుంది, అంతే. హైమ నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఎంత పెద్ద శబ్దమో నా రెండు చెవులకీ తెలిసొచ్చింది. నేను దాలినాయుడికి పెళ్ళిరోజు రాత్రి కాకముందే నంబరిచ్చాను. ఏడాది ఆగిన పని, పదకొండు నిమిషాలు పట్టింది.

ముప్ఫయ్యో రోజున కమిటీ కూర్చుంది. నేను జరిగిందంతా చెప్పేశాను. నలభై ఒక్క స్ట్రింగులూ చదివి వినిపించమన్నారు. చదివాను. అంత నిశ్శబ్దంలో నా జోకులు నేనే ఎప్పుడూ వినలేదు.

"అమ్మా," అంది అధ్యక్షురాలు పేరిందేవిగారితో. "ఈయన నిర్లక్ష్యం వల్ల మీకు పావు వంతుకి పైగా వినికిడి పోయింది. మీరు వద్దంటే ప్రాజెక్టు ఇక్కడితో ఆపేస్తాం. ఈయన్ని కూడా."

నేను నేల చూపులు చూస్తున్నాను.

"ఆరేళ్ళమ్మా," అన్నారు అత్తగారు. "ఆరేళ్ళలో నాతో ఒక్కళ్ళు దెబ్బలాడలేదు. పలక మీద ఏం రాస్తారు? 'భోంచేశారా', 'మాత్ర వేసుకున్నారా'. అందరూ ఎంత మంచివాళ్ళయిపోయారో! పలక మీద రాసి ఎవరు తిడతారు, రాసేలోపు కోపం చల్లారిపోదూ? నేను ఏమన్నా తలూపేవారు. గోడకున్న దేవుడి పటంతో ఉన్నట్టుండేవారు నాతో. స్విచ్ వేసిన రోజున ట్రే పడింది. 'అత్తగారొచ్చారు, తలుపులేసుకోండి' అంది లోపల. ఎవడో నన్ను చూసి భయపడుతున్నాడు! అప్పుడనిపించింది, నేను ఇంకా ఈ ఇంట్లో ఉన్నానని."

ఆవిడ మంచినీళ్ళు తాగారు.

"అందుకే వినపడలేదన్నాను. వినపడిందంటే తీసేస్తారని. చివరికి తీసేశారు. పోయిన పిచ్చికలకి నాకు కోపం ఉంది, లేకపోలేదు. ఆ కోపం నేను చూసుకుంటాను, మీరు మధ్యలో రావద్దు. ప్రాజెక్టు ఆపకండి. కాకపోతే ఇకమీదట కొటేషన్ల లోపల కూడా ఎవరో ఒకరు చదివి సంతకం పెట్టాలి."

"ఎవరు పెడతారమ్మా?"

"నా చెవికి నేను పెడతాను."

సంతకం పెట్టారు. ఇంటికి వచ్చాం. చెప్పులు విడవకుండానే, కొంగు బొడ్లో దోపుకుని నా ఎదురుగా నిలబడ్డారు.

"ఇప్పుడు చెప్పండి. నా చెవిలో నాకు చెప్పకుండా చెయ్యి పెట్టడానికి మీరెవరండీ?"

"తప్పేనండి, కాని..."

"కాని ఏమిటి? నిద్రపోతుంటేనా? దొంగలా?"

"దొంగేమిటండీ! మీరు మాత్రం పదిహేను రోజులు వినపడనట్టు నటించలేదా? గ్లాసులన్నీ సొట్టలు పెట్టలేదా?"

"నా గ్లాసులు! నా చెవి! నా ఇష్టం!"

"నా కెర్నలండీ!"

కాఫీ చల్లారిపోయింది. నేను బల్ల గుద్దాను, ఆవిడ రెండుసార్లు గుద్దారు. పక్కవాటా వాళ్ళు తొంగిచూసి వెళ్ళారు. హైమ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమిటండీ ఆ అరుపులు! అమ్మ మీదా? కాస్త మెల్లగా..."

"నువ్వు లోపలికెళ్ళవే," అన్నారు అత్తగారు కూతురి వైపు చూడకుండానే. కళ్ళు మెరిసిపోతున్నాయి. కుర్చీ నా ఎదురుగా లాక్కుని, స్థిరంగా కూర్చుని, ఎడమ చెవి నా వైపు తిప్పారు.

"ఊఁ. ఎక్కడున్నాం?"